పాత రైఫిల్ చెక్కకి శాండ్‌పేపర్ పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ బెంగళూరు ఎడిషన్‌లో, ఆయుధపూజ వస్తోంది కదా అని, పాత తుపాకుల చెక్క భాగాన్ని ఇంట్లోనే కొత్తదానిలా ఎలా చేసుకోవచ్చో ఒకాయన రాశారు. ఫొటో కూడా వేశారు, ఎడమ పక్క నల్లగా మాసిపోయిన త్రీ నాట్ త్రీ, అంటే పాత లీ ఎన్‌ఫీల్డ్ మిలిటరీ రైఫిల్, కుడి పక్క అదే రైఫిల్ డైనింగ్ టేబుల్ లాగా తళతళా మెరుస్తూ. రాసినాయన కష్టపడ్డాడు, కాదనను, ఓపిక ఉన్న మనిషే, కానీ ఆ కుడి పక్క ఫొటో చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. నేను ఆర్మీలో ఈఎంఈలో (యంత్రాలు, ఆయుధాలు రిపేరు చేసే విభాగం) ఆర్మరర్ ట్రేడ్‌లో, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యాను, సర్వీసంతా కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, వర్క్‌షాప్‌లో ఇవే పట్టుకుని తిరిగాను, ఇప్పుడు హలసూరులో ఉంటున్నా. ఆ ఆర్టికల్ చూసి ఇంకో నలుగురు దసరా లోపు అదే పని మొదలుపెడితే పోయింది తిరిగి రాదు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, మీకు కుదిరినంత వేసుకోండి.

చెక్క సంగతికి ముందు చట్టం సంగతి, ఎందుకంటే ఆ ఆర్టికల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. త్రీ నాట్ త్రీ మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, మామూలు మనిషి అప్లై చేసుకుంటే వచ్చే లైసెన్స్ కాదు అది. ఇళ్లల్లో లైసెన్స్ మీద ఉండేది ఎక్కువగా 315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీదే, లోపల బోల్ట్ మెకానిజం అంతా లీ ఎన్‌ఫీల్డ్ వంశమే, చెక్క కూడా అలాగే రెండు ముక్కలు, వెనక భుజానికి ఆనేది బట్, ముందు బ్యారెల్ కింద ఉండేది ఫోరెండ్, అందుకే నేను చెప్పేది వాటికీ వర్తిస్తుంది. అసలైన మిలిటరీ రైఫిళ్లు మిగిలింది మ్యూజియాల్లో, పోలీసు ఆర్మరీల్లో, ఎన్‌సీసీ ఉన్న కాలేజీల్లో, క్లబ్బుల గోడల మీద. మనకి పక్కనే కొడగు ఉంది కాబట్టి అదీ చెప్పాలి, అక్కడ కొడవ సముదాయం వాళ్లకి, జమ్మా భూములు (వంశపారంపర్యంగా వచ్చే భూములు) ఉన్నవాళ్లకి ఆర్మ్స్ యాక్ట్ లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది, దాన్ని 2029 దాకా పొడిగించారు, కైల్‌పోళ్దు పండక్కి తుపాకులకి పూలు పెట్టి పూజ చేస్తారు, తాతల నాటివి జాగ్రత్తగా చూసుకుంటారు. ఎవరి దగ్గరున్నా సరే, 1959 ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం తుపాకీ రిపేరు లైసెన్స్ ఉన్నవాడే చెయ్యాలి. సందు చివర కార్పెంటర్‌కి రైఫిల్ ఇచ్చి "సాయంత్రానికి పాలిష్ చేసి పెట్టు" అన్నారంటే ఆ కార్పెంటర్ లైసెన్స్ లేకుండా ఆయుధం దగ్గర పెట్టుకున్నవాడవుతాడు, పాపం వాడికి ఆ సంగతే తెలీదు. విప్పడం బిగించడం లైసెన్స్ ఉన్న గన్ డీలర్ దగ్గరే చేయించండి, చెక్క మీద పని కూడా ఆయన్ని అడిగాకే.

ఇక అసలు సంగతి. ఆ ఆర్టికల్‌లో మొదటి స్టెప్పే 80 నంబర్ శాండ్‌పేపర్. ఆ చెక్క మీద ఏముంటుందో తెలిసినవాడు ఎవడూ ఆ పని చెయ్యడు సార్. లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ త్రీ 1907లో వచ్చింది, కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో మనవాళ్లు దాన్ని దశాబ్దాల పాటు చేశారు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా. ఒక్కొక్క రైఫిల్ ఎన్ని చేతులు మారి ఉంటుందో ఆ చెక్క చూసి చెప్పొచ్చు. బట్ పైన చిన్న అక్షరం ఒకటి కొట్టి ఉంటుంది చూడండి, ఎస్ ఉంటే షార్ట్, ఎల్ ఉంటే లాంగ్, బి ఉంటే బాంటమ్, అంటే జవాన్ చేతుల పొడుగుని బట్టి బట్ మార్చి ఇచ్చేవాళ్లన్నమాట, పొట్టివాడికి పొట్టి బట్. ఫోరెండ్ కింద మూతి దగ్గర చాలావాటికి రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది, ఇనుము మీద నంబరుతో అది కలిసిందంటే ఆ చెక్క ఆ రైఫిల్‌తోనే పుట్టింది లేదా దానికని అమర్చింది అని అర్థం. బట్ కుడి పక్క ఇత్తడి బిళ్ల ఉంటే దాని మీద యూనిట్ గుర్తులు, యుద్ధం రోజుల్లో పని తగ్గించుకోడానికి ఆ బిళ్ల మానేశారు కాబట్టి ఉందా లేదా అన్నది కూడా ఒక వివరమే. ఇన్‌స్పెక్టర్ ముద్రలు, రిపేర్ ముద్రలు, ఇవన్నీ చెక్కలోకి ఎంత లోతు ఉంటాయనుకుంటున్నారు? 80 నంబర్ పేపర్ రెండు రుద్దులు రుద్దితే సగం పోతాయి, ఇంకో నాలుగు రుద్దితే అక్కడ ఏదో ఉండేదన్న సంగతి కూడా తెలీదు.

అతుకుల గురించి వేరే చెప్పాలి. పాత బట్‌ల మీద, ఫోరెండ్ వెనక భాగంలో, చిన్న చిన్న చెక్క ముక్కలు పొదిగి అతికించి ఉంటాయి, రంగు కొంచెం తేడాగా, గీత కూడా కనపడుతూ. ఆ ఆర్టికల్ రాసినాయన వాటిని "పాత నాసిరకం రిపేర్లు" అని రాసి పైన వుడ్ ఫిల్లర్ పూసి కనపడకుండా చేయమన్నారు. అయ్యా, ఆ అతుకు వేసినవాడు నా ట్రేడ్ వాడు. పగిలినచోట పగులు వరకే తీసి, చెక్క పీచు దిశ కలిపి, అవతల రాసుకుపోయే ఇనుము ఎక్కడ తగులుతుందో చూసుకుని పెట్టాడు, చెక్క మొత్తం మార్చేసే స్టాక్ లేనప్పుడు రైఫిల్‌ని మళ్లీ లైన్లోకి పంపింది ఆ ముక్కే. ఇషాపూర్ రైఫిళ్లకి ఫోరెండ్‌లో అడ్డంగా ఒక స్క్రూ దూరి ఉంటుంది, అది కూడా చెక్క చీలకుండా బలానికి పెట్టింది, దాన్నీ ఎవడో తర్వాత కొట్టిన మేకనుకుని పుట్టీ పెట్టి కప్పేసినవాళ్లని చూశాను. కొన్నిటికి ముందు భాగం చుట్టూ తీగ చుట్టి టంకం పెట్టి ఉంటుంది, గ్రెనేడ్ కప్పు తగిలించి కాల్చడానికి చేసిన ఏర్పాటు అది, తీగ "అసహ్యంగా ఉంది" అని కత్తిరించి పారేశారంటే ఇంకేం చెప్పను.

అన్నిటికన్నా భయం వేసేది డీపీ సంగతి. డ్రిల్ పర్పస్ అని, పరేడ్‌కి మాత్రమే పనికొస్తాయి, కాల్చకూడదు అని పక్కన పెట్టిన రైఫిళ్ల మీద డీపీ అని కొడతారు, చెక్క మీద రంగు పట్టీలు కూడా వేస్తారు. దూరం నుంచే తెలియాలని. ఆ రంగు గీకేసి, ఆ ముద్ర రుద్దేసి, మెలమైన్ పాలిష్ కొట్టి, ఇత్తడి తోమి చూడముచ్చటగా తయారు చేశారనుకోండి, ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని చేతిలోకి తీసుకున్నవాడికి అది మంచి రైఫిల్‌లాగే కనిపిస్తుంది. ఇనుము మీద కూడా ముద్ర ఉంటుందిలే అని ఊరుకోకండి, అది తుప్పు కిందో పెయింట్ కిందో పడి ఉండొచ్చు. అందం కోసం హెచ్చరిక బోర్డు తీసేసే హక్కు మనకి లేదు.

మన ఊళ్లోనే ఒక సంస్థ, పేరు ఎందుకులెండి, లాబీలో గాజు పెట్టెలో పెట్టిన రైఫిళ్లకి ఇంటీరియర్ పని చేసే కాంట్రాక్టర్ చేత పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కొట్టించారు. అల్మారాలకి కొట్టగా మిగిలిన డబ్బాతోనే అనుకుంటా. ఒక వానాకాలం గడిచేసరికి మణికట్టు దగ్గర, అంటే బట్ సన్నబడి చేత్తో పట్టుకునే చోట, పొర లేచి తెల్లగా ఊడి వస్తోంది. ఎందుకు రాదు? దశాబ్దాల నూనె తాగిన చెక్క అది, అవిసె నూనె, గన్ ఆయిల్, చెమట అన్నీ లోపల ఉన్నాయి, పైన గట్టి పొర వేస్తే దానికి పట్టు దొరకదు. పైగా మన దగ్గర జూన్ నుంచి అక్టోబర్ దాకా గాలిలో తేమ ఉన్నప్పుడు మెలమైన్ కొడితే పాలు పోసినట్టు తెల్ల మసక వస్తుందని తలుపుల పాలిష్ పనివాళ్లని అడిగినా చెప్తారు. ఆ పొర ఇప్పుడు తియ్యాలంటే మళ్లీ రుద్దాలి, మళ్లీ చెక్క పోతుంది. ఇది ఎక్కడ ఆగుతుంది?

అలాగని రైఫిల్ చెక్కని మురికి పట్టి వదిలెయ్యమని అనడం లేదు నేను. చెయ్యాల్సిన పని ఉంది, అది చాలా తక్కువ పని, అందుకే ఎవరికీ నచ్చదు.

విప్పేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి, డీలర్ దగ్గర విప్పించినా పక్కన నిలబడి చూసుకోండి. ముందు ఫోరెండ్ తియ్యాలి, ఆ తర్వాతే బట్ లోపలున్న పొడుగు బోల్ట్ ముట్టుకోవాలి. మార్క్ త్రీలో ఆ బోల్ట్ కొస చతురస్రంగా ఉండి ఫోరెండ్ వెనక భాగంలో ఉన్న చిన్న ప్లేట్‌లో ఇరుక్కుని ఉంటుంది, ఫోరెండ్ ఉండగానే పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారంటే టక్కున చీలుతుంది చెక్క, ఈ పగులు నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. బట్ లోపల బోల్ట్ తల మీద తోలు ముక్క ఒకటి ఉంటుంది, చెత్త అనుకుని పారెయ్యకండి.

శుభ్రం చెయ్యడానికి మెత్తటి గుడ్డ, టర్పెంటైన్ చాలు. ఎన్‌సీ థిన్నర్ వద్దు, కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అసలే వద్దు, అవి చెక్క పీచుని తినేస్తాయి. గుడ్డకి నల్లగా అంటుకుని వచ్చేదంతా మురికి, అది పోనివ్వండి. గుడ్డకి రానిది, చెక్కలోనే ఉండిపోయిన ముదురు గోధుమ రంగు, అది వాడకం వల్ల వచ్చిన రంగు, దాని జోలికి వెళ్లకండి. గన్ ఆయిల్ ఎక్కువ తాగి నల్లబడి మెత్తబడిన చోట ఉంటే చాక్ పొడిని టర్పెంటైన్‌తో ముద్దలా కలిపి పట్టించి ఆరనివ్వండి, నూనెని లాక్కుంటుంది, బ్రష్‌తో దులిపెయ్యండి, కావాలంటే మళ్లీ పెట్టండి. నిప్పు దగ్గరో హీటర్ దగ్గరో పెట్టి ఆరబెట్టొద్దు, పగులుతుంది.

నొక్కులకి తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టి ఆవిరి పట్టించే పద్ధతి ఆ ఆర్టికల్‌లో కూడా ఉంది, ఆ పద్ధతి నిజమే, నొక్కుకుపోయిన పీచు నీళ్లు తాగి పైకి లేస్తుంది. ఆయన చెప్పని సంగతి ఏంటంటే ముద్ర కూడా నొక్కే కదా, దాని మీద ఆవిరి పెడితే ముద్ర కూడా లేచిపోతుంది. అందుకని ముద్రల చుట్టుపక్కల ఆవిరి వద్దు. కోసుకుపోయిన గాటు ఆవిరికి లేవదు, పీచు తెగిపోయింది కాబట్టి. నన్నడిగితే సగం నొక్కులు అలాగే ఉంచెయ్యడం మంచిది, ఎవరో ట్రక్కు లోంచి దూకినప్పుడు పడినవి అవి.

నూనె అంటే అవిసె నూనే, ఇంకోటి లేదు. బ్రిటిష్ కాలం నుంచీ ఈ రైఫిళ్ల చెక్కకి పట్టింది పచ్చి అవిసె నూనే, క్రికెట్ బ్యాట్‌కి రాస్తారు చూడండి అదే, స్పోర్ట్స్ షాపుల్లో చిన్న సీసా దొరుకుతుంది. హార్డ్‌వేర్ షాపులో డబుల్ బాయిల్డ్ అని అమ్మేది వేరు, అందులో త్వరగా ఆరడానికి లోహపు డ్రయ్యర్లు కలుపుతారు, అది కూడా పనికొస్తుంది కానీ పచ్చి నూనె కొని ఇంట్లో స్టవ్ మీద మరిగిస్తే బాయిల్డ్ అయిపోదు, దయచేసి ఎవరూ ఆ ప్రయోగం చెయ్యకండి. చేతివేళ్లకి నాలుగు చుక్కలు తీసుకుని అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలి, కాసేపాగి పైన మిగిలిన తడి మొత్తం తుడిచెయ్యాలి, మొత్తం అంటే మొత్తం. ఇక్కడే అందరూ తొందరపడతారు, ఎక్కువ రాస్తే ఎక్కువ మెరుపు అనుకుంటారు, అది ఆరక జిగట పట్టి దుమ్ము అంటుకుని వానాకాలంలో నల్లటి బూజు పడుతుంది. చెన్నైలో మా తమ్ముడు వాళ్లింటి వైపు సముద్రపు గాలికి ఇంకా ఘోరం. పాతకాలం పాలిష్ పనివాళ్లు చెప్పే లెక్క ఒకటుంది, వారం పాటు రోజుకోసారి, నెల పాటు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. అంత అక్కర్లేదు పాత చెక్కకి, అది ముందే తాగి ఉంది, రెండు మూడు పల్చటి పూతలు, మధ్యలో బాగా ఆరనివ్వడం, అంతే. బయటికి కనపడని చోట్లు మర్చిపోవద్దు, బట్ ఇనుప సాకెట్‌లోకి దూరే కొస, బట్ ప్లేట్ కింద కోసిన ముఖం, తేమ ఎక్కేది అక్కడి నుంచే. కానీ బ్యారెల్ కూర్చునే గాడిలో నూనె మడుగు కట్టించొద్దు, లోపల శాండ్‌పేపర్ అసలు పెట్టొద్దు. ఫోరెండ్ వెనక ఇనుముకి ఆనుకునే భుజాలు బిగువుగా ఉండాలి, రైఫిల్ తన్నే దెబ్బ తగిలేది వాటికే, అవి వదులైతే గురి పోతుంది, తర్వాత చెక్కే చీలుతుంది.

ఇత్తడి బట్ ప్లేట్ బ్రాసోతో తోమేవాళ్లు ముందు చెక్క నుంచి విడదీసి తోమండి, లేదంటే ఆ తెల్ల పొడి అంచుల్లో ఇరుక్కుని జన్మలో రాదు.

ఇప్పుడు ఆ ఆర్టికల్‌లో లేని, తప్పక ఉండాల్సిన సంగతి. అవిసె నూనె ఆరడం అంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు, గాలిలో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. ఇది కోత్‌లో మమ్మల్ని భయపెట్టడానికి ఉస్తాద్ చెప్పిన కథ కాదు, 1991 ఫిబ్రవరిలో అమెరికాలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల బిల్డింగ్ ఇలాగే తగలబడింది, చెక్క ప్యానెళ్లకి పాలిష్ చేసిన పనివాళ్లు వదిలేసిన అవిసె నూనె గుడ్డల నుంచే 22వ అంతస్తులో మంట మొదలై ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన గ్యాస్ సిలిండర్, దాని పక్కన పాత పేపర్ల కట్ట, అక్కడే పడేస్తాం ఆ గుడ్డలు. వద్దు. వాడిన ప్రతి గుడ్డ, ప్రతి చిందీ విప్పి తీగ మీద విడివిడిగా ఆరేసి బాగా గట్టిపడ్డాక పారెయ్యండి, అంత ఓపిక లేకపోతే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి ముంచి పెట్టండి. డాబా కుర్చీలకి, పూజ మందిరానికి ఈ నూనె రాసేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది.

ఒకరు నన్ను అడిగారు, ఇదివరకే ఎవడో వార్నిష్ కొట్టేసిన రైఫిల్ అయితే ఏం చెయ్యాలి, అని. అప్పుడు నేనూ పట్టు పట్టను. ఆ వార్నిష్ పెయింట్ రిమూవర్‌తో మెత్తబరిచి గుడ్డతో తీసెయ్యండి, గీకకండి, కింద ముద్రలు బతికి ఉంటే అదృష్టం. ఎప్పుడో రుద్ది రూపం మార్చేసి ఫోరెండ్ సగానికి కోసి వేట తుపాకీ చేసేసిన చెక్కయితే మీ ఇష్టం, అందులో కాపాడాల్సింది ఇంకేం లేదు, నున్నగా చేసుకోండి, మెలమైనే కొట్టుకోండి. అన్ని దేశాల రైఫిళ్లకీ అవిసె నూనే అని కూడా అనుకోవద్దు, రష్యావాళ్ల మోసిన్ నాగాంత్ చెక్కకి లక్కతో చేసిన షెల్లాక్ పూత ఉంటుంది, దాని మీద ఎవడో నూనె రుద్దితే అదీ తప్పే. ఏ రైఫిల్‌కి ఫ్యాక్టరీలో ఏం పూత వేశారో అదే వెయ్యాలి, కొత్తది కనిపెట్టక్కర్లేదు.

ఈ రైఫిళ్లు ఇంక కొత్తగా రావు. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకి మారింది, ఇషాపూర్ కూడా అదే పాత డిజైన్‌ని 7.62లో కొన్నాళ్లు చేసింది, చివరికి 2020 రిపబ్లిక్ డే నాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు కూడా త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. మణికట్టు దగ్గరి ఇనుప పట్టీ మీద కిరీటం, జీఆర్ఐ అక్షరాలు ఉంటే రాజు కాలందని, అశోకుడి సింహాలు ఉంటే మన గణతంత్రం వచ్చాక చేసిందని ఇనుము చెప్తుంది, అది అంత తేలిగ్గా చెరగదు. చెక్క చెప్పేది మాత్రం ఒక మధ్యాహ్నంలో పోతుంది.

ఎడిటర్ గారూ, మీరు ఆ ఆర్టికల్ వెనక్కి తీసుకోమని అడగడం లేదు. ఈ ఉత్తరం మొత్తం వెయ్యడానికి చోటు లేకపోతే రెండు సంగతులైనా ఆయుధపూజకి ముందు వచ్చే ఆదివారం అదే పేజీలో వెయ్యండి, డీపీ గుర్తు చెరపొద్దని, నూనె గుడ్డలు ఉండచుట్టి పడెయ్యొద్దని. ఆ రాసినాయన ఒప్పుకుంటే నా ఫోన్ నంబరు మీ ఆఫీసులో తీసుకోమనండి, ఆయన దగ్గరున్న మిగతా రైఫిళ్ల చెక్క ముట్టుకునే ముందు ఒకసారి చూసి చెప్తాను, డబ్బులేం వద్దు.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఆర్మరర్,
హలసూరు, బెంగళూరు